కంప్యూటరు పత్రమునకు ఈ.సీ. తీయు విధము

కాగితముమీద వ్రాసిన లెక్కకు ఒక గుణము కలదు. దిద్దినచో దిద్దినట్లు కనబడును. మన సంఘముల మినిట్సు పుస్తకమున పుటలకు వరుస సంఖ్యలు వేయుటయు, కొట్టివేసిన పంక్తి ప్రక్కను అధ్యక్షుడును కార్యదర్శియు పొట్టి సంతకములు చేయుటయు, తీర్మానముక్రింద మిగిలిన ఖాళీని అడ్డగీతతో మూసివేయుటయు ఇందులకే యేర్పడినవి. బ్లేడుతో గీకినచో కాగితము పలుచబడును. సిరా మారినచో రంగు చెప్పును. పుట చించినచో కుట్టు దగ్గర మొండియంచు మిగులును. చదువురాని సభ్యుడైనను పుస్తకమును వెలుతురునకెత్తి చూచి, ఇక్కడ ఏదో గీకినారని చెప్పగలడు.

కంప్యూటరులో వ్రాసిన పత్రమునకు ఈ గుణము లేదు. అందు ఒక పేరు తీసివేసినచో క్రింది పేర్లు తమంతట తామే పైకి జరిగి ఖాళీని పూడ్చును. వరుస సంఖ్యలును సరిపడును. 42 అను అంకెను 24 చేసినచో, ఆ 24 మొదటినుండియు అక్కడనే యున్నట్లు నిలుచును. దానినుండి అచ్చువేసిన కాగితము ఎంత శుభ్రమో అంత మూగది.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరు పద్ధతిలోనికి తెచ్చు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ నెలలో ఆమోదించినది. 63,000 సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో ఒకేవిధమైన సాఫ్ట్‌వేరుక్రిందికి తెచ్చుట దాని మొదటి యుద్దేశము. ఋణములు, జమలు మొదలగు ముఖ్యమైన పద్దులకు అట్టి సాఫ్ట్‌వేరు ఏర్పడినది. అయినను సంఘపు పని యంతయు అందే ఇమిడియుండదు. మహాజన సభ నోటీసు, తీర్మానముల చిత్తుప్రతి, విత్తనముల పంపిణీ జాబితా, ఎరువుల ఇండెంటు, ఓటుహక్కు గల సభ్యుల పట్టిక, బైలాల సవరణ మున్నగునవి గుమాస్తా కంప్యూటరులో సాధారణ పత్రములుగనే పుట్టి, దిద్దబడి, అచ్చుపడుచుండును. మేము చెప్పబోవునది ఈ సాధారణ పత్రములను గూర్చియే.

ఇట్టి పత్రములందు మార్పు పైకి కనబడదనుట నిజమే. మార్పు జాడ పూర్తిగ నశించుననుట మాత్రము నిజము కాదు. పత్రములు వ్రాయు సాఫ్ట్‌వేరులు పెక్కు, మనము దాచుమన్నపుడుగాని తమంతట తామేగాని అప్పటి రూపమును లోపల భద్రపరచుచుండును. ఆ దాచిన రూపములను తేదీల వరుసను చూపు పనిముట్టొకటి వానియందే కలదు. దానిని ఇంగ్లీషున వర్షన్ హిస్టరీ యందురు. మేము పూర్వరూపముల చిట్టా యని వ్యవహరింతుము.

ఈ చిట్టా యెట్టిదో రైతునకు విపులముగ చెప్పనక్కరలేదు. భూమి కొనువాడు అమ్మువాని చేతిలోని దస్తావేజు నొక్కదానినే చూచి బయానా ఇయ్యడు. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఈ.సీ. తీయించును. ఆ భూమిపై ఏ తేదీని, ఏ దస్తావేజు నంబరుతో, ఎవరినుండి ఎవరికి ఏమి జరిగినదో అందు వరుసగ నుండును. దస్తావేజు నేటి స్థితిని చెప్పును; ఈ.సీ. ఆ స్థితికి వచ్చిన దారిని చెప్పును. పహాణీ సంగతియు నిట్టిదే. తెలంగాణమున హక్కు వివాదము వచ్చినపుడు 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలుకొరకు రైతులు తహసీలు కార్యాలయములచుట్టు తిరుగుట అందరెరిగినదే. పాసుపుస్తకమున పేరు లేనివాడు, తన పేరు ఏ సంవత్సరపు పహాణీవరకు ఉండి ఏ సంవత్సరమున పోయినదో మొదట చూపవలెను. ఏటేటి పహాణీ యనగా ఒకే పత్రముయొక్క ఏటేటి రూపము. ఆంధ్ర ప్రాంతమున అడంగలును అంతియే. కంప్యూటరు పత్రమునకు ఇది సంవత్సరమున కొకటి గాక, గంటకొకటి పుట్టునని తలచినచో చాలును.

ఈ పనిముట్టు కార్యాలయములకొరకు పుట్టినది కాదు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి యవసరమునుండి పుట్టినది. వేల పంక్తుల ప్రోగ్రామును పదిమంది దిద్దుచుండ, నిన్న పనిచేసినది నేడు చేయకుండుట వారికి నిత్యమును కలుగు చిక్కు. ఎవరి దిద్దుబాటున చెడినదో తెలియవలెనన్నచో పాతరూపములుండవలెను గదా. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు మార్క్ రాచ్‌కైండ్ 1972లో ఇట్టి సాధనము నొకదానిని చేసెను. పిమ్మట 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయపు వాల్టర్ టిఖీ ఆర్.సి.ఎస్. అను సాధనమును ప్రకటించెను. దీనితోకూడ ఆర్‌లాగ్ అను చిన్న ఆజ్ఞ యొకటి వచ్చినది. ఆ ఆజ్ఞ వ్రాసి ప్రక్కన ఫైలు పేరు నిచ్చినచో, ఆ ఫైలునకు ఇంతవరకు దాచిన రూపములెన్నియో మొదట చెప్పును. తరువాత ఒక్కొక్క రూపమునకును సంఖ్య, తేదీ, గంట, దాచినవాని పేరు, చేరిన పంక్తులెన్ని, తీసిన పంక్తులెన్ని, మార్చుటకు కారణమేమి అనునవి వరుసగ చూపును.

కారణపు పంక్తిని మేము ప్రత్యేకించి చెప్పుచున్నాము. రూపమును దాచునపుడే ఆ సాధనము, ఏమి మార్చితివి, ఏల మార్చితివి యని అడుగును. గుమాస్తాలు నేడు వాడు సులభసాధనములందు ఈ ప్రశ్న లేదు. తేదీ యుండును, పేరుండును, కారణముండదు. మా దృష్టిలో ఇది చిన్న లోపము కాదు. దీనిని మనమే పూరించుకొనవలెను. ఎట్లో ముందు చెప్పెదము.

పాతరూపములను అన్నిటిని పూర్తిగ దాచినచో స్థలము చాలునా యని సందేహము కలుగవచ్చును. ఆర్.సి.ఎస్. చివరి రూపమును మాత్రము పూర్తిగ నుంచి, అక్కడినుండి వెనుకకు పోవుటకు కావలసిన భేదములను మాత్రమే వ్రాసికొనును. గోదాములో నేటి ఉదయపు నిలువ 300 బస్తాలు. నిన్న వచ్చినవి 40. మొన్న పోయినవి 25. ఈ మూడంకెలున్నచో మొన్న ఉదయపు నిలువ 285 అని చెప్పుటకు వేరు పుస్తకము అక్కరలేదు. ఆ సాధనపు యుక్తి యంతియే.

నేడు ప్రోగ్రాములు వ్రాయువారు విశేషముగ వాడునది 2005లో లినస్ టోర్వాల్డ్స్ చేసిన గిట్ అను సాధనము. అందు ప్రతి రూపమునకును, దాని విషయమునుండియు దాని వెనుకటి రూపపు గుర్తునుండియు లెక్కగట్టిన పొడవైన గుర్తొకటి యుండును. నడుమనున్న పాతరూపమును ఎవడైన రహస్యముగ మార్చినచో దాని తరువాతి గుర్తులన్నియు మారిపోవును. పుటసంఖ్యలు వేసి కుట్టిన పుస్తకమునకు సరియైన జోడు ఇదియే. కాని మన సంఘపు గుమాస్తాను గిట్ నేర్చికొమ్మనుట, దుక్కిదున్నుటకు రైలింజను తెమ్మన్నట్లుండును. అతని చేతనున్న సాధనములతోనే పని జరుపుకొందము.

అట్టివి సాధారణముగ మూడు. గూగుల్ డాక్స్, దానితోడిదగు గూగుల్ షీట్స్, మైక్రోసాఫ్ట్ వర్డ్, వెల లేకుండ దొరకు లిబ్రె ఆఫీస్.

గూగుల్ డాక్సునందు పై వరుసలోని ఫైల్ అను మాటను నొక్కి, వర్షన్ హిస్టరీ యను పంక్తిని ఎంచుకొని, సీ వర్షన్ హిస్టరీ యనుదానిని నొక్కవలెను. తెర కుడిప్రక్క తేదీల పట్టిక తెరచుకొనును. తేదీక్రింద దిద్దినవారి పేర్లు వేర్వేరు రంగుల చుక్కలతో నుండును. ఒక తేదీని నొక్కినచో ఆనాటి పత్రము ఎదుటికి వచ్చును. అప్పుడు చేరిన మాటలు చేర్చినవాని రంగుతోను, తీసివేసిన మాటలు అడ్డగీతతోను కనబడును. కాగితముమీద మనమెరిగిన కొట్టివేత ఇక్కడ మరల ప్రత్యక్షమగును. తేదీ ప్రక్కన చిన్న బాణపు గుర్తున్నచో దానినికూడ నొక్కి చూడవలెను. ఒక్కనాటిలోనే జరిగిన దశలు విడివిడిగ తెరచుకొనును. ఉదయము చేర్చి సాయంకాలము తీసివేసిన పేరు, ఈ బాణమును నొక్కనివానికి కనబడకపోవచ్చును.

అక్కడనే రిస్టోర్ దిస్ వర్షన్ అను మీట యుండును. ఆ మీటను నొక్కినచో పాతరూపము నేటి రూపమగును. దీనిని నొక్కినచో నడుమ జరిగినదంతయు చెరిగిపోవునని కొందరు భయపడుదురు. చెరిగిపోదు. వెనుకకు పోవుటకూడ ఒక క్రొత్త రూపముగ చిట్టాలో చేరును. అయినను చూచుటకు వచ్చిన సభ్యుడు ఈ మీటజోలికి పోరాదు. చూచుట వేరు, దిద్దుట వేరు.

రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఈ చిట్టా పత్రమును దిద్దు అధికారము గలవారికే కనబడును. చదువుటకు మాత్రము అనుమతి పొందినవారికి కనబడదు. కావున సభ్యుడు తన ఫోనులోనికి వచ్చిన లంకెను తెరచి చిట్టా లేదని తలచరాదు. కార్యాలయమున గుమాస్తా తెరపై చూపుమని యడుగవలెను. రెండవది, స్థలము కలిసివచ్చుటకై గూగుల్ అప్పుడప్పుడు దగ్గరదగ్గర రూపములను కలిపివేయుచుండును. చిట్టా ప్రతి యక్షరమునకు సాక్షి కాదు.

షీట్సునందు మఱియొక సౌకర్యము కలదు. ఒక గడిపై కుడిమీట నొక్కి షో ఎడిట్ హిస్టరీ యన్నచో ఆ గడి యొక్కదాని చరిత్ర వచ్చును: ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను ఏ అంకెగ మార్చిరి. మా వృత్తిలో మాకిది మిక్కిలి ఉపయోగపడు పనిముట్టు. మందుల మోతాదు పట్టికలో లీటరు నీటికి 2 మిల్లీలీటర్లనుట 20 అగుటకు ఒక్క సున్న చాలును. ఆ సున్న చేను మాడ్చును. అట్టి యంకెపై సందేహము కలిగినపుడు గడి చరిత్ర ఒక్క నిమిషమున తీర్పు చెప్పును. కాని ఇందొక గుంట కలదు. పట్టికలో ఒక అడ్డువరుస నంతటిని తీసివేసినచో గడి చరిత్ర ఆ సంగతిని చూపదు. సభ్యుల జాబితాలో ఒక మనిషి యనగా ఒక అడ్డువరుస. కావున పేరు పోయినపుడు గడి చరిత్రను నమ్మక, పత్రమంతటి చిట్టానే తెరచి చూడవలెను.

వర్డునందు, పత్రము వన్‌డ్రైవ్ అను మైక్రోసాఫ్టువారి దూరపు గోదాములో దాచబడియున్నపుడు ఫైల్, ఇన్ఫో, వర్షన్ హిస్టరీ యను వరుసను చిట్టా దొరకును. సొంత ఖాతాకైనచో చివరి 25 రూపములు లభించును. గుమాస్తా బల్లపైని కంప్యూటరులోనే దాచిన వర్డు పత్రమునకు ఇట్టి చిట్టాను ఆశింపరాదు. గూగుల్ డ్రైవులోనికి వర్డు ఫైలును ఉన్నదున్నట్లు ఎక్కించి, క్రొత్తప్రతిని దానిపైననే ఎక్కించుచుండినచో, పాతవి 30 దినములు గడచినపిదపగాని, 100 క్రొత్తవి చేరినపిదపగాని తొలగింపబడవచ్చును. ఎల్లకాలము ఉంచుమను కీప్ ఫరెవర్ మీటను నొక్కినవి మాత్రము నిలుచును. ఖరీఫు పంపిణీ జాబితాపై తగవు రబీలో వచ్చునపుడు ఈ 30 దినముల సంగతి జ్ఞాపకము వచ్చి ప్రయోజనము లేదు.

లిబ్రె ఆఫీసునందు ఫైల్ క్రింద వర్షన్స్ అను మాట యుండును. ఇది తనంతట తాను దాచదు. గుమాస్తా దాచుమన్నపుడే దాచును. పత్రమును మూయునపుడెల్ల ఒక రూపమును దాచునట్లు అక్కడొక గడిని గుర్తుపెట్టి యుంచవచ్చును. దీని గొప్ప యేమన, దాచునపుడు రెండు మాటలు వ్రాయుటకు తావిచ్చును. మేము పైన కోరిన కారణపు పంక్తి యిదే. దీని తక్కువ యేమన, దాచినవాని పేరు ఆ కంప్యూటరులో ఎవరేమి వ్రాసియుంచిరో అదియే వచ్చును. పాతరూపమును తొలగించు మీటయు ప్రక్కనే యుండును. పత్రమును సేవ్ యాజ్ అని వేరు పేర దాచినచో ఆ క్రొత్త ఫైలులో పూర్వరూపములుండవు.

ఇక చిట్టాను చదువుట. ఒక ఉదాహరణమును కల్పించి చూతము. ఒక సంఘమున ఓటుహక్కు గల సభ్యుల పట్టికను 3వ తేదీని తయారుచేసినపుడు 412 పేర్లున్నవనుకొందము. 18వ తేదీని నోటీసు బల్లపై అంటించిన కాగితమున 409 ఉన్నవి. లేని మూడు పేర్లును ఒకే పేటలోని చిన్నరైతులవి. పేటలో మాట పుట్టును: కావలెననియే తీసినారు. గుమాస్తా యేమియు తెలియదనును. కాగితము మూగగ నున్నది. ఇట్టి సమయమున చిట్టాను తెరచినచో, 10వ తేదీని ఉదయము 11 గంటల 20 నిమిషములకు గుమాస్తా పేర మూడు వరుసలు తొలగినట్లు కనబడినది. పేటవారి యనుమానము ఋజువైనదా? కాలేదు. చిట్టా ఎవరు, ఎప్పుడు, ఏమి అనువానిని చెప్పినది, ఎందుకో చెప్పలేదు. 10వ తేదీని ఏమి జరిగినదో మినిట్సు పుస్తకమున చూడగా, వాటాధనము బాకీపడినవారి పేర్లను తీసివేయవలెనని 9వ తేదీని పాలకవర్గము తీర్మానించియున్నది. రసీదు పుస్తకమున చూడగా, ఆ మువ్వురును 8వ తేదీననే బాకీ చెల్లించియున్నారు. గుమాస్తా ముందు నెల బాకీల జాబితాను ముందుంచుకొని పేర్లు తీసినాడు. తప్పు తప్పే, దొంగతనము కాదు. మూడు పేర్లు ఆ సాయంకాలమే తిరిగి చేరును, సభ నాటికి పేటకును కార్యాలయమునకును వైరము మిగులదు.

ఇదే ఉదాహరణమున ఆ మూడు వరుసలు 17వ తేదీ రాత్రి 9 గంటల 40 నిమిషములకు తొలగినట్లు కనబడి, పేరు చోట సంఘపు ఉమ్మడి ఖాతా పేరు మాత్రమే యుండెననుకొనుడు. అప్పుడు ప్రశ్న వేరగును. ఆ రాత్రి కార్యాలయపు తాళపుచెవి ఎవరియొద్ద నున్నది? ఉమ్మడి ఖాతా సంకేతపదము ఎందరెరుగుదురు? చిట్టా ఇచ్చట సగము మాత్రమే పలుకును. ఆ మౌనమునకు కారణము సంఘపు అలవాటే.

ఆ యలవాట్లను కొంత విపులముగ చెప్పుట మంచిది. కార్యదర్శి, గుమాస్తా, కంప్యూటరు నడుపు కుర్రవాడు, ఒక్కొక్కప్పుడు అధ్యక్షుని అల్లుడు, అందరును ఒకే ఖాతాతో పత్రమును తెరచుట మొదటిది. ఇది ముద్రను గుమ్మమునకు వ్రేలాడగట్టినట్టిది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా కల్పించి, ఉద్యోగము విడిచినవాని యనుమతిని ఆనాడే తీసివేయవలెను. లంకె దొరికిన ఎవరైనను దిద్దవచ్చునని పత్రమును విడిచిపెట్టుట రెండవది. ఖాతాతో ప్రవేశింపనివారి దిద్దుబాట్లు చిట్టాలో అనామకముగనే పడును. మూడవది అన్నిటికంటె సాధారణము. పత్రమును నకలుచేసి ఆ నకలులో పని సాగించుట. గూగుల్ డాక్సున మేక్ ఎ కాపీ యన్నచో క్రొత్త పత్రమునకు చరిత్ర ఆనాటినుండియే మొదలు. పత్రమును దించుకొని వాట్సాప్పులో పంపినచో ఆ పంపిన ఫైలుతో పాత చిట్టా పోదు. జాబితా ఫైనల్, జాబితా ఫైనల్ రెండు, జాబితా అసలు ఫైనల్ అని వరుసగ ఫైళ్లున్న కంప్యూటరులను మేము పెక్కింటిని చూచితిమి. వానిలో ఏ యొక్కదానికిని వంశవృక్షము లేదు. ఒకే పత్రము, ఒకే చోట, దానిలోనే దిద్దుబాటు. ఈ మూడును కుదిరిననాడే చిట్టా పనిచేయును.

అయినను నకలే మేలైన సందర్భమొకటి కలదు. సభ్యుల జాబితాలో ఆధారు నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉండును. ఇతరులకు పంపుటకు ముందు ఆ వరుసను తీసివేసితిమి గదా యని గుమాస్తా నిశ్చింతగ నుండవచ్చును. పత్రమును దిద్దు అధికారముతో పంపినచో, పొందినవాడు చిట్టాను తెరచి నిన్నటి రూపములో ఆ నంబర్లన్నిటిని చదువుకొనగలడు. దాచిన రూపము మంచివానికిని చెడ్డవానికిని ఒకే విధముగ దొరకును. కావున బయటికి పోవు జాబితాకు మాత్రము, ఆ వరుసలు తీసిన పిదప నకలు తీసి, చరిత్రలేని ఆ నకలునే పంపవలెను.

లెక్కల విషయమున చట్టమే ఈ చిట్టాను విధించినచోటొకటి కలదు. కంపెనీలు వాడు లెక్కల సాఫ్ట్‌వేరు ప్రతి దిద్దుబాటును తేదీతో నమోదుచేయవలెననియు, ఆ నమోదును ఎవరును నిలుపుటకు వీలులేకుండ నుండవలెననియు కేంద్రప్రభుత్వపు నియమము 2023 ఏప్రిల్ 1న మొదలైన ఆర్థిక సంవత్సరమునుండి అమలులోనికి వచ్చినది. ఇది 1964 నాటి సహకార చట్టముక్రింది సంఘములకు వర్తించు నియమము కాదు. కాని మనలో పలువురు రైతు ఉత్పత్తిదారుల కంపెనీలలోను వాటాదార్లై యున్నారు. అవి కంపెనీల చట్టముక్రిందివే గనుక వానికి వర్తించును. ట్యాలీవంటి సాఫ్ట్‌వేరులో దీనిని ఎడిట్ లాగ్ అందురు. అట్టి కంపెనీలో వాటా గలవారు వార్షిక సభయందు ఎడిట్ లాగు నడచుచున్నదా యని యడుగుట తమ హక్కని యెరుగవలెను. కంపెనీకి లేని వెసులుబాటు మన సంఘమునకు ఏల యుండవలెనని మేము అడుగుచున్నాము; బైలాలలో ఒక పంక్తి చేర్చుకొనుటకు ఏ చట్టమును అడ్డు రాదు.

తగవు న్యాయస్థానమునకు పోయినపుడు, తెరను ఫోనుతో ఫొటో తీసిన బొమ్మ తనంతట తాను సాక్ష్యమని నమ్మరాదు. 2024 జూలై 1నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము కంప్యూటరు పత్రమునకు నిర్ణీతమైన ధృవపత్రము జతపరుపవలసియుండును. తగవు పుట్టినవెంటనే పత్రమును ఎవరును ముట్టకుండ దిద్దు అనుమతులను తీసివేయించి, వకీలును సంప్రదించుట మేలు.

చిట్టాను చదువుట అభ్యాసము చేయగోరువారు సంఘపు పత్రముపై ప్రయోగములు చేయనక్కరలేదు. తెలుగు వికీపీడియాలో వరి యనియో వేరుశనగ యనియో వ్యాసమును తెరచి, పైన చరిత్రను చూపు మీటను నొక్కుడు. ఖాతా లేకయే, ఆ వ్యాసము పుట్టిన దినమునుండి నేటివరకు జరిగిన దిద్దుబాట్లన్నియు తేదీలతో, దిద్దినవారి గుర్తులతో, ఎంత పెరిగినదో ఎంత తరిగినదో తెలుపు అంకెలతో వరుసగ వచ్చును. మార్చినవారు తలచినచో కారణమును ఒక పంక్తిలో వ్రాసియుందురు. ఏవైన రెండు తేదీలను ఎంచుకొని పోల్చిచూచు వీలును కలదు. హైస్కూలు చదువుచున్న మీ పిల్లలు దీనిని అరగంటలో నేర్తురు. వారియొద్ద కూర్చుండి మీరును నేర్వవచ్చును.

రాబోవు మహాజన సభకు ముందు సభ్యులు చేయదగిన పని యేమన: ఓటర్ల పట్టికయు, తీర్మానముల చిత్తుప్రతియు సిద్ధమైననాడు, కనీసము ఇద్దరు సభ్యుల యెదుట, గుమాస్తాచేత ఆనాటి రూపమునకు ఒక పేరు పెట్టించుడు. గూగుల్ డాక్సున నేమ్ దిస్ వర్షన్ అను మీట ఇందులకే కలదు. ఫైనల్ అను పేరు పెట్టనీయకుడు. పాలకవర్గము ఆమోదించినది, 412 పేర్లు, ఫలానా తేదీ, అని పూర్తిగ వ్రాయింపుడు. కారణపు పంక్తి లేని లోటు దీనితో తీరును. పిమ్మట ఏ దిద్దుబాటు వచ్చినను అది ముగిసిన గంటలోనే మఱియొక పేరు, మఱియొక కారణము. పేరుపెట్టిన రూపములను మాత్రమే చూపు ఏర్పాటు చిట్టాలోనే యున్నది గనుక, సభనాడు తెరపై పది పంక్తులకు మించి యుండదు. ఆ పంక్తులనే, అదే వరుసను, మినిట్సు పుస్తకమున సిరాతో ఎక్కించి, పుటక్రింద అధ్యక్షుని సంతకము తీసికొనుడు.